గాబ్రియెల్ ఓక్ ఎప్పుడు ఎదురుచూశాడండీ?

థామస్ హార్డీ ఇంగ్లీషు నవల ‘ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్’ గురించి ఎవరు రాసినా అదే పాట. ఒక అమ్మాయి, ముగ్గురు మగవాళ్లు, చివరికి ఓపికగా ఎదురుచూసిన గొర్రెలకాపరి గాబ్రియెల్ ఓక్‌కే ఆమె దక్కింది. నిన్న మళ్లీ అలాంటి పోస్టే కంటపడింది. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

అసలు గాబ్రియెల్ ఓపిక పట్టింది ఎక్కడ? మొదట్లోనే ఆ అమ్మాయిని, బాత్‌షీబాను, పెళ్లి అడిగాడు, ఆమె కాదంది. ఇక అడగనని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక రాత్రి, ఇంకా పని సరిగా రాని కుర్రకుక్క అత్యుత్సాహంతో అతని మందను తరుముకుంటూ పోయి సున్నపురాతి గోతిలోకి తోసేసింది. 200 సూడి గొర్రెలు! బీమా లేదు, మంద మీద అప్పు ఉంది. అన్నీ తీర్చేసరికి మిగిలింది ఒంటి మీది బట్టలే. ఆ గోతి అంచున నిలబడి అతను ముందు ఏడ్చింది గొర్రెల కోసం, పుట్టకుండానే పోయిన పిల్లల కోసం. ఆమె తలపు వచ్చింది ఆ తర్వాతే. అదీ, పెళ్లి కాకపోవడమే మేలైంది, ఈ పేదరికం ఆమెకు తప్పింది అని.

నేను మళ్లీ మళ్లీ చదివేది మాత్రం 21వ అధ్యాయం. అప్పటికి అతను ఆమె పొలంలోనే కాపరి. పక్క రైతు బోల్డ్‌వుడ్‌కు ఆమె ‘నన్ను పెళ్లాడు’ అని ముద్ర వేసిన ప్రేమలేఖ సరదాకు పంపి అతని మతి పోగొట్టింది. ఆ సంగతి మీద తనే గాబ్రియెల్ అభిప్రాయం అడిగింది. చేసింది తప్పని మొహం మీదే చెప్పాడు. వెంటనే పనిలోంచి తీసేసింది. ఒక రోజు తిరిగిందో లేదో, ఆదివారం మధ్యాహ్నం ఆమె గొర్రెలు కంచె తెంచుకుని లేత క్లోవర్ మేత చేలో పడ్డాయి. పచ్చిమేత ఎక్కువై పొట్టలు ఉబ్బి కూలిపోతున్నాయి. ఎడమ డొక్కలో సరిగ్గా చోటు చూసి గొట్టం దించాలి, గాలి బయటికి పోవాలి. వేలెడు పక్కకు పోతే గొర్రె చస్తుంది. ఆ పని చేతనైనవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. వెంటనే రమ్మని కబురు పంపింది. మర్యాదగా అడిగితేనే వస్తానన్నాడు. ముష్టికి వచ్చినవాళ్లు బెట్టు చేయకూడదని కూడా చెప్పి పంపాడు! ఆమె ఏడ్చి, చీటీ రాసి, చివర ‘నా చేయి విడవకు, గాబ్రియెల్’ అని చేర్చింది. అప్పుడు వచ్చాడు. మొత్తం 57 గొర్రెలు. 50 గొర్రెలకు గొట్టం దించితే 49 బతికాయి.

ఇతనా మీరు జాలిపడుతున్న ఎదురుచూపుల వీరుడు?

హార్డీ ఇంగ్లండ్‌లోని డార్సెట్‌లో తాపీమేస్త్రీ కొడుకు. 1874లో కార్న్‌హిల్ పత్రికలో రచయిత పేరు లేకుండా ధారావాహికగా వచ్చిన ఈ నవలలో మనిషి విలువ పని దగ్గరే తేలుతుంది. బాత్‌షీబా పెళ్లాడిన సైనికుడు సార్జెంట్ ట్రాయ్ పెళ్లాం డబ్బును గుర్రప్పందాల్లో తగలేస్తాడు. కోతల విందు రాత్రి కూలీలందరికీ బ్రాందీ పోయించి పడుకోబెడతాడు. బయట ఉరుములు. అయిదు గోధుమ కుప్పలు, మూడు బార్లీ కుప్పలు కప్పు లేకుండా ఉన్నాయి, 750 పౌండ్ల పంట. మెరుపుల్లో వాటిని కప్పింది గాబ్రియెల్, అతనికి సాయంగా బాత్‌షీబా. తెల్లారి బోల్డ్‌వుడ్ ఎదురై, తన కుప్పలు కప్పడం ఈ ఏడు మరిచిపోయానంటాడు. అంతటి రైతు! ప్రేమ అతన్ని ఏం చేసిందో చెప్పడానికి నాకు ఆ ఒక్క మాట చాలు. తర్వాత ట్రాయ్ మీద అతను పేల్చే తుపాకీ కూడా అంత భయపెట్టలేదు.

ఇక ముగింపు. ట్రాయ్ చచ్చాడు, బోల్డ్‌వుడ్ జైల్లో ఉన్నాడు, దారి ఖాళీ. మరి మన ‘ఓపికమంతుడు’ ఏం చేశాడు? ఇంగ్లండ్ వదిలి కాలిఫోర్నియా పోయే ఆలోచనలో ఉన్నానన్నాడు, పని మానేస్తానని ఉత్తరం పంపాడు. చీకటి పడ్డాక అతని గుడిసె తలుపు తట్టింది ఆమె. మాటలయ్యాక తనే నవ్వి, నేనే నిన్ను పెళ్లి అడగడానికి వచ్చినట్టుంది కదూ అంది.