బావగారి శుద్ధి కార్యక్రమం

కొవ్వు కరిగించి నూనె తీయడానికి కావలసినవి మూడే. మందపాటి గిన్నె, సన్నటి సెగ, చేతులు కట్టుకుని కూర్చునే ఓపిక. గిన్నె మా అక్కది. స్టవ్ కూడా మా అక్కదే. మూడోది మా బావగారి వంశంలోనే లేదు. లిఫ్ట్ బటన్‌ని కూడా ఆయన ఒక్కసారి నొక్కి ఊరుకోరు.

అసలు గొడవంతా ఒక తోలు బూట్ల జతతో మొదలైంది. పాత బూట్లు, పైన పగుళ్లిచ్చాయి. మామూలు మనుషులైతే కొత్తవి కొంటారు, లేదా ఒక పాలిష్ డబ్బా తెచ్చుకుంటారు. బావగారు ఫోన్ తీశారు. రాత్రి పొద్దుపోయేదాకా వీడియోలు చూసి, తోలుకి పట్టించే నూనెల్లో నీట్స్‌ఫుట్ ఆయిల్ అని ఒకటుందని, దాన్ని పశువుల కాలి ఎముకల నుంచి తీస్తారని, చలిలో కూడా అంత తొందరగా గడ్డకట్టదని కనిపెట్టారు. ఇంతవరకూ అన్నీ నిజాలే. జంతువు ఒంట్లో కాళ్లు చివర ఉంటాయి, చల్లగా ఉంటాయి, అందుకని అక్కడి కొవ్వు తక్కువ వేడిలో కూడా జారుడుగా ఉంటుంది. లోపల మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వుకి ఆ బాధ లేదు. ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు కాబట్టి, బయటికి తీసి చల్లారిస్తే గట్టిగా బిగుసుకుపోతుంది. కొవ్వొత్తులకీ సబ్బులకీ అది బాగా పనికొస్తుంది. బూట్లకి పట్టించే నూనె మాత్రం దాంట్లోంచి రాదు.

బావగారు తెచ్చింది ఆ రెండో రకం. గొర్రెది. సంచీ నిండా.

ఆ పూట అక్క నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఒకసారి వచ్చి మీ బావగారిని చూసి పోరా" అంది.

"ఏమైందే? ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. అదే భయంగా ఉంది."

వెళ్లేసరికి బావగారు ఏప్రన్ కట్టుకుని కత్తి నూరుతున్నారు. నాకు తెలిసిన ముక్క చెబుదామని, "ఇది గట్టి కొవ్వు కదండీ, ఎంత కరిగించినా చల్లారగానే మళ్లీ గడ్డే కదా?" అన్నాను. "శుద్ధి చేస్తే అన్నీ దారికొస్తాయోయ్" అన్నారు. ఎవడో మెజ్ మూరియే అనే ఫ్రెంచివాడు 1869లోనే పశువుల కొవ్వుని గోరువెచ్చగా ఉంచి పిండి, మెత్తటి భాగాన్నీ గట్టి భాగాన్నీ విడదీసి, వెన్నకి బదులు వాడే మార్గరిన్ తయారుచేశాడని, మనమూ అలాగే పిండుతామని చెప్పారు. 'మనమూ' అన్నారు చూశారా, అక్కడే నేను చెప్పులు వేసుకుని బయటపడాల్సింది.

ఇక్కడ పద్ధతి గురించి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఆయన దేన్ని ఎలా తప్పించారో తెలియదు. కొవ్వంటే డబ్బాలో పోసిన నూనె కాదు కదా, సన్నసన్నటి కణాల్లో, పీచు లాంటి పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పొరలు తెగితేనే బయటికొస్తుంది. అందుకే ముందు కొవ్వుని ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక వీలైనంత సన్నగా తరగాలి, లేదా మిషన్‌లో వేసి కీమా కొట్టాలి. తర్వాత గిన్నెలో అడుగంటకుండా కాసిని నీళ్లు పోసి సన్నటి సెగ మీద పెట్టాలి. గిన్నెలో నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, బుడబుడమని బుడగలొస్తుంటాయి. ఆ బుడగలు కొవ్వువి కావు, పోతున్న నీటివి. బుడగలు తగ్గిపోయాయంటే నీళ్లు అయిపోవచ్చాయని, ఇక వేడి చరచరా పైకి పోతుందని అర్థం. దించేసి వడకట్టాల్సింది అప్పుడే. మొత్తానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో అప్పుడప్పుడు కలపడం తప్ప మనిషి చేయాల్సింది ఏమీ ఉండదు.

ఏమీ చేయకుండా ఉండటం బావగారికి చేతకాదు. ముక్కలు పిడికెడేసి కోశారు. "పెద్దదైతే ఏం, నిప్పు మీద పెట్టాక కరక్క ఎక్కడికి పోతుంది?" అన్నారు. నీళ్లు పోయలేదు, నూనెలో నీళ్లేమిటని. గిన్నె పొయ్యి మీద పెట్టి, సెగ చిన్నది చేసి, మంచి పిల్లాడిలా కాసేపు నిలబడ్డారు. అటు చూశారు, ఇటు చూశారు. నేను మంచినీళ్లు తాగడానికి అటు తిరిగానో లేదో నాబ్ పెద్దదానికి తిప్పేశారు.

పది నిమిషాల్లో వాసన మొదలైంది. మాడిన కొవ్వు వాసన మామూలు మాడు వాసన కాదు. కొవ్వులో ఉండే గ్లిసరిన్ అతిగా వేడెక్కితే విరిగి అక్రోలిన్ అనే పొగ వస్తుంది, అది కళ్లలో కారం కొట్టినట్టే ఉంటుంది. వంటింట్లో ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ ధారగా కన్నీళ్లు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ తలుపు కొట్టి, మమ్మల్ని ఆ అవతారంలో చూసి, గొంతు తగ్గించి "ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగింది. "ఇంకా లేదండీ" అంది అక్క, గిన్నె వైపు చూస్తూ.

గిన్నెలో పెద్ద ముక్కల బయటి భాగం నల్లబడింది, లోపల పచ్చిగానే ఉంది. మధ్యలో ఊరినదేదో మంచి ముదురు గోధుమ రంగులో ఉంది. దాన్ని పారేసి వంటిల్లు కడుక్కోవాలని నేను. "ఇప్పుడే కదా అసలు సంగతి మొదలయ్యేది, శుద్ధి!" అని బావగారు.

నిజానికి శుద్ధికి కూడా మంచి సులువైన దారి ఉంది. కరిగిన కొవ్వుని గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, ఉప్పు నీళ్లు కలిపి, మళ్లీ సన్నగా మరగబెట్టి, కదపకుండా చల్లార్చాలి. కొవ్వు పైకి తేలి బిళ్లగా గడ్డకడుతుంది, మడ్డి కింద నీళ్లలోకి దిగిపోతుంది. బిళ్ల తీసి అడుగున అంటుకున్న గోధుమ రంగు పొరని చాకుతో గీకేయాలి. మళ్లీ ఉప్పు నీళ్లు, మళ్లీ చల్లార్చడం. తెల్లబడేదాకా అంతే. చివర్లో తడంతా ఆవిరైపోయేదాకా ఒకసారి కాచి పెట్టుకుంటే పాడవకుండా చాలాకాలం ఉంటుంది.

ఇందులో కూడా 'చల్లారేదాకా ఆగడం' అనే మాట ఉండటంతో బావగారికి నచ్చలేదు. పొగలు కక్కుతున్న గిన్నెలోకి ఉప్పు నీళ్లు పోయబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. కాగిన నూనెలో నీళ్లు పోస్తే అవి క్షణంలో ఆవిరై దాదాపు 1700 రెట్లు ఉబ్బుతాయి, మీదున్న నూనెని కూడా తీసుకుని లేస్తాయి. నూనె అంటుకుంటే మూత పెట్టి పొయ్యి కట్టేయాలి కానీ నీళ్లు కొట్టకూడదు అని చెప్పేది కూడా అందుకే. బావగారు పోయలేదులెండి. "ఉత్తినే చూద్దాం" అని వేళ్లతో చిలకరించారు. ఫట్ ఫట్‌మని ఎగిరిన చుక్కలు ఇప్పటికీ సీలింగ్ మీద ఉన్నాయి.

సరే, నీళ్లు వద్దు. ఫ్యాక్టరీల్లో ఏం చేస్తారు? మళ్లీ ఫోన్. ఫ్యాక్టరీల్లో ముందు జిగురు తీసేస్తారు. తర్వాత కాస్టిక్ సోడాతో పులుపుని, అంటే విడిపోయిన ఫ్యాటీ యాసిడ్లని సబ్బుగా మార్చి వేరుచేస్తారు. ఆ తర్వాత ఒక రకం మట్టి కలిపి రంగు లాగేస్తారు. ఆఖర్న గాలి తీసేసిన ట్యాంకులో 200 డిగ్రీలు దాటిన వేడి మీద ఆవిరి పంపి వాసన తోలేస్తారు. "చూశావా, నాలుగే స్టెప్పులు!" అన్నారు బావగారు. ఆ ఫ్యాటీ యాసిడ్ల సంగతి కనిపెట్టిన షెవ్రోల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కొవ్వుల మీదే పనిచేసి 1823లో పెద్ద పుస్తకం వేశాడని, 102 ఏళ్లు బతికాడని, కాబట్టి ఈ పని ఆరోగ్యానికి కూడా మంచిదని తేల్చారు.

"ఆయన మా వంటింట్లో చేసి ఉండడు లెండి" అంది అక్క.

కాస్టిక్ సోడా ఇంట్లో లేదు, దేవుడున్నాడు. వంటసోడా ఉంది. వంటసోడా 80 డిగ్రీలు దాటితే విరిగిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మిగిలిన సోడా ఫ్యాటీ యాసిడ్లతో కలిసి సబ్బవుతుంది. గ్యాసూ సబ్బూ ఒకే గిన్నెలో ఒకేసారి పుడితే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. బావగారు ఊహించలేదు. చిటికెడు వేస్తే కనపడలేదని గరిటెడు వేశారు. ముందు గిన్నె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత లేత గోధుమ రంగు నురగ అంచుదాకా లేచి, అంచు దాటి, బర్నర్ మీదికి దిగి, అక్కడినుంచి గట్టు మీదుగా, తొందరేమీ లేనట్టు, అలమర లోపలికి వెళ్లింది. అక్క పరిగెత్తి గ్యాస్ కట్టేసింది. ఆ నురగ కారుతుండగానే బావగారు దాంట్లో వేలు ముంచబోయి, వేడికి జడిసి, చెంచాతో తీసి, "జిగురు పోయిందోయ్!" అన్నారు.

ఇక మూడో స్టెప్పు మట్టి. ఫ్యాక్టరీల్లో వాడే ఆ మట్టికి వేలు విడిచిన చుట్టం ముల్తానీ మట్టి, అది అక్క డ్రెస్సింగ్ టేబుల్ మీద దొరికింది. ఫేస్‌ప్యాక్‌ది, గులాబీ వాసన కలిపినది. ఈ మట్టితో పని జరగాలంటే కొవ్వులో తడి ఉండకూడదు, వేయాల్సింది కూడా నూటికి ఒకటో రెండో వంతులు, తర్వాత బాగా సన్నటి ఫిల్టర్‌లో వడకట్టాలి. బావగారు డబ్బా బోర్లించారు. సబ్బు తడిలో అదంతా బురదై కూర్చుంది. పాత లుంగీ గుడ్డలో పోసి పిండబోతే, మెజ్ మూరియేకి ఏమైందో తెలియదు గానీ ఇక్కడ మాత్రం గుడ్డ మూసుకుపోయి, పక్కనున్న కుట్టు విప్పుకుంది. గొర్రె, గులాబీ కలిసిన ఆ వాసనని ఇంతవరకూ ఏ సెంటు కంపెనీవాడూ తయారుచేయలేదని ధైర్యంగా చెప్పగలను.

అంతా అయ్యాక గిన్నెలో మిగిలింది కొవ్వూ కాదు నీళ్లూ కాదు. కడుగుదామని ఈసారి చల్లార్చే ఉప్పు నీళ్లు పోశారు పాపం, కానీ అప్పటికే అందులో సబ్బుంది. సబ్బు చేసే పనే కొవ్వునీ నీళ్లనీ విడిపోనీయకుండా కలిపి ఉంచడం. రాత్రంతా ఉంచినా పైకి తేలిందేమీ లేదు, చిక్కటి గంధం కలిపిన నీళ్లలా అలాగే ఉంది. దాన్నే కాస్త బూటుకి పట్టించి, "ఆరితే నీకే తెలుస్తుంది" అని వరండాలో పెట్టారు. తెల్లారేసరికి ఒక్క బూటే ఉంది. రెండోది వీధి చివర మూడు కుక్కల మధ్య పంపకాల్లో ఉంది. ఎడమ బూటు అది. మార్కెట్లో స్పందన బాగుందని బావగారు సంతోషపడ్డారు.

మిగతాదంతా, మాకెవరికీ చెప్పకుండా, వేడినీళ్లతో సింకులో పోసేశారు. వేడినీళ్లు పోస్తే కొవ్వు జారిపోతుందనే నమ్మకం చాలామందికి ఉంది. జారుతుంది, కంటికి కనపడనంత దూరం జారుతుంది. అక్కడ పైపు చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ గడ్డకడుతుంది. పైగా నీళ్లలోని కాల్షియం కలిస్తే సున్నపు సబ్బై ఇంకా బిగుస్తుంది. రెండు రోజులకి సింకులో నీళ్లు పోవడం తగ్గింది, ఆ తర్వాత పోవడం మానేసి తిరిగి రావడం మొదలైంది. అక్క ఏమీ అనలేదు. గిన్నెలన్నీ తీసుకెళ్లి బాత్‌రూమ్‌లో కడుక్కుంటోంది, శబ్దం మాత్రం హాల్లోకి వినపడేలా. బావగారు నాకు ఫోన్ చేసి, లండన్‌లో వైట్‌చాపెల్ అనేచోట 2017లో మురుగు కాలవలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల కొవ్వు గడ్డ దొరికిందని, దాని ముక్కని మ్యూజియంలో కూడా పెట్టారని, అంత పెద్ద ఊళ్లోనే జరిగినప్పుడు ఇదెంతని అన్నారు. "అక్కయ్యకి చెప్పారా?" అన్నాను. "నువ్వు చెప్తావేమోనని" అన్నారు.

చివరికి ప్లంబర్ వచ్చాడు. సింకు కింద పడుకుని వంపు పైపు ఊడదీసి, లోపలికి ఒక తీగ పోనిచ్చి, తిప్పి, లాగాడు. జానెడు పొడుగు గడ్డ బయటికొచ్చింది. పైపు ఆకారంలోనే, నున్నగా, తెల్లగా. బావగారు దాన్ని రెండు చేతులతో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతుర్లో తిప్పి చూశారు. వాసన చూశారు. నాకూ చూపించారు. గొర్రె లేదు, గులాబీ లేదు. రెండు రోజులపాటు అక్క ఆ సింకులో వేడినీళ్లు, చన్నీళ్లు, మళ్లీ వేడినీళ్లు పోస్తూనే ఉంది కదా, కడగడం చల్లారడం మళ్లీ కడగడం ఆయన ప్రమేయం లేకుండా సాఫీగా జరిగిపోయాయి. "చెప్పానా, శుద్ధి చేస్తే దారికొస్తుందని!" అన్నారు, కళ్లు మెరుస్తూ.

ప్లంబర్ చేతులు తుడుచుకుంటూ, "సార్, ఇది పారేసేదేనా? మరలకి రాసుకుంటే మంచిగా తిరుగుతాయి, ఓ ముక్క ఇస్తారా?" అని అడిగాడు. బావగారు ఏ వైపు ముక్క ఇవ్వాలా అని కొలతలు వేస్తున్నారు.

"ఓ ముక్కేమిటి బాబూ, మొత్తం పట్టుకుపో" అంది అక్క, అప్పటికే ఒక కవరు తెరిచి పట్టుకుని.