అరకట్న నిషేధ చట్టం కావాలి

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని గోంగూర పచ్చడి పెట్టి అమ్ముతుంది. మొన్న విజయవాడలోని ఓ సూపర్‌మార్కెట్ నుంచి ఆమెకు డెబిట్ నోటు వచ్చింది: 'వార్షికోత్సవ వేడుకల్లో మీ వాటా 6,000 రూపాయలు'. బిల్లులోంచి కోసేశారు. పుట్టినరోజు వాళ్లది, చదివింపులు పిన్నివి. భోజనానికైనా పిలవలేదు.

దీన్ని అన్యాయం అనేవాళ్లకు మన సంప్రదాయం తెలియదు. సూపర్‌మార్కెట్ వ్యాపారి కాదండీ, అల్లుడు. పిన్ని పిల్లనిచ్చుకున్న అత్తగారు. పెళ్లిచూపులకు పది సీసాలు శాంపిల్ పట్టుకెళ్లింది. మేనేజరుగారు మూత తీసి, వాసన చూసి, "పిల్ల బాగానే ఉంది, ఒడ్డూపొడుగూ చాల్లేదు, సీసా మార్చండి" అన్నంత పని చేశారు. ఆపైన కట్నం, అంటే సరుకును కొట్లో పెట్టుకోవడానికి వసూలు చేసే సొమ్ము, దాన్ని లిస్టింగ్ ఫీజు అంటారట. కంటికెదురుగా ఉండే అరలో కూర్చోబెట్టాలంటే ఆడపడుచు లాంఛనాలు వేరే. దసరాకు అల్లుడుగారు 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని ఊరంతా దానధర్మాలు చేశారు. ఆ ఉచితం పిన్ని ఖాతాలో. సంక్రాంతికి అలిగారు. మార్జిన్ ఇంకో 5 శాతం పెంచితేగానీ అలకపాన్పు దిగలేదు. చివరికి గడువు దగ్గరపడ్డ సీసాలను ఆటో ఎక్కించి పుట్టింటికి తోలేశారు. ఆటో కిరాయి ఎవరిచ్చారో చెప్పాలా?

వరకట్నాన్ని 1961లోనే నిషేధించారు. కొట్లో అర కోసం ఇచ్చుకునే ఈ అరకట్నం సంగతే ఎవరికీ తట్టలేదు.

చట్టం లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. పిన్ని బిల్లుకు 110 రోజులయ్యాయి. ఫిర్యాదు పెట్టమన్నాను. "పెడితే వడ్డీ వస్తదిరా, అర పోద్ది" అంది.

అల్లుళ్ల మర్యాదలు తెలియని బ్రిటన్‌వాళ్లు 2013లో చట్టం చేసి, పెద్ద సూపర్‌మార్కెట్ల నెత్తిన ఒక తీర్పరిని కూర్చోబెట్టారు. ఎవరు ఫిర్యాదు చేశారో ఆ తీర్పరి బయటపెట్టకూడదు. అసలు కీలకం అక్కడుంది. సరఫరాదారులకు ఇవ్వాల్సిన సొమ్మును అక్కడి పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో తెలిసే ఆలస్యం చేసిందని 2016లో తేల్చారు. జరిమానా పడలేదు లెండి. ఆ అధికారం వచ్చింది ఆ తప్పులు జరిగాకే. అయినా పేరు పెట్టి తప్పని చెప్పే దిక్కంటూ ఒకటుంది.

ఇక్కడ? పిన్ని దగ్గర గోంగూర వలిచే ఆడవాళ్లు నలుగురు. వాళ్ల శనివారం కూలి ఆగకూడదని పిన్ని గాజులు తాకట్టు పెట్టింది. ఏసీ వేసుకుని, పొద్దస్తమానం నగదుకు సరుకు అమ్ముకునేవాడికి, పచ్చడి పెట్టుకు బతికే మనిషి 110 రోజులు వడ్డీలేని అప్పివ్వాలా? సిగ్గుండక్కర్లా?

నిన్న మళ్లీ ఫోనొచ్చింది. కొత్త బ్రాంచి తెరుస్తున్నారట.

"గృహప్రవేశం కదా, బట్టలు పెట్టాలేమోరా?" అని అడుగుతోంది పిన్ని.