బెంగళూరుకు పోయొచ్చే బ్యాటరీ నిజంగా కావాలా?

తిరుపతిలో ఎలక్ట్రిక్ కారు చూడ్డానికి షోరూంకి పోయినవాళ్ళు ముందుగా అడిగేది, "ఒక్క ఛార్జింగ్‌తో బెంగళూరు పోతుందా?" అని. దూరం దాదాపు 250 కిలోమీటర్లు. సరే, ఏడాదికి ఎన్నిసార్లు పోతారు? పెళ్ళికో, పండక్కో రెండు మూడు సార్లు. మిగతా రోజులన్నీ పిల్లల స్కూలు, ఆఫీసు, రేణిగుంట స్టేషను, అంతే. ఆ రెండు మూడు ప్రయాణాల కోసం లక్షలు ఎక్కువ పోసి పెద్ద బ్యాటరీ కొంటున్నారని నాకనిపిస్తుంది.

టాటా వాళ్ళ చిన్న ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీలో చిన్న బ్యాటరీ 19.2 యూనిట్ల కరెంటు పట్టేది. యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వేసుకున్నా 130 పైనే వస్తుంది. చిత్తూరు వాళ్ళకైతే ఆసుపత్రి పనిమీద వేలూరు పోయి రావడానికి ఇది చాలు, రాత్రి ఇంట్లో 15 యాంప్స్ ప్లగ్గుకి పెడితే తెల్లారేసరికి రెడీ. అయినా మనోళ్ళు వెనక డోరు తీసి ముగ్గురు కూర్చోగలరా, అత్తగారి సామాన్లు పడతాయా అని చూసి పంచ్, నెక్సాన్, విండ్సర్ లాంటి పెద్ద ఎలక్ట్రిక్ కార్ల వైపు జరుగుతారు. అది నేను తప్పు పట్టను, ఇంటిల్లిపాదీ ఎక్కాల్సిన కారు మరి. జాగా కోసం పెద్ద కారు కొనడం వేరు, రేంజ్ టెన్షన్‌తో, అంటే దారిలో ఛార్జింగ్ అయిపోతుందేమోనన్న భయంతో, పెద్ద బ్యాటరీ కొనడం వేరు.

ఇక కొండ. అలిపిరి నుంచి తిరుమలకి ఎత్తు సుమారు 700 మీటర్లు. ఒకటిన్నర టన్నుల కారు ఆ ఎత్తు ఎక్కడానికే దగ్గర దగ్గర 3 యూనిట్లు తాగేస్తుంది, రోడ్డు మీద ఖర్చు వేరే. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి అందులో కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. అందుకే పైన ఛార్జింగ్ ఫుల్లుగా పెట్టుకుని దిగకండి, నిండిన బ్యాటరీలోకి ఇంకేం ఎక్కదు, భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి ఈ ఘాట్ ఎక్కి దిగుతూనే ఉన్నా "కొండెక్కుతుందా" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు!

నెలనెలా బెంగళూరు, చెన్నై తిరిగే వ్యాపారస్తుల సంగతి వేరు. వాళ్ళకి టయోటా హైక్రాస్ లాంటి హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనూ, బ్యాటరీ మోటారూ రెండూ ఉండే కారు) నయం, పాతిక లక్షలు పైన పెట్టగలిగితే. బ్యాటరీ లేకుండా కారు మాత్రం కొని, బ్యాటరీకి తిరిగిన దూరాన్ని బట్టి అద్దె కట్టే పద్ధతీ ఉంది. విండ్సర్‌ని 2024లో తెచ్చినప్పుడు ఈ అద్దె కిలోమీటరుకి 3.50 రూపాయలు అన్నారు, దానికి కరెంటు ఖర్చు కలిపితే ఎక్కువ తిరిగేవాళ్ళకి పెట్రోలు మీద మిగిలేది తగ్గిపోతుంది. తక్కువ తిరిగేవాళ్ళకే అది కలిసొచ్చేది.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు మాత్రం మోడల్ తర్వాత, ముందు మీ పార్కింగ్ దగ్గరికి మీ మీటరు నుంచి వైరు లాగనిస్తారో లేదో అసోసియేషన్‌ని అడగండి. కాదంటే ఇప్పటికి పెట్రోలు కారే మేలు.