క్యాంపింగ్ ప్లాన్ షీటు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ క్యాంపింగ్ ప్లాన్ షీటు గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ స్టాక్‌హోమ్‌లో మేమంతా క్షేమం. మీ క్షేమం గురించి అడగక్కర్లేదు, నిన్న రాత్రి పదకొండున్నరకి తెరిచి చూస్తే మీకు 14వ ట్యాబ్ పుట్టి ఉంది, పేరు "దోమలు". అప్పటికే అందులో నలుగురు తిరుగుతున్నారు. ఒకరు దోమతెరల కాలమ్‌లో, ఇద్దరు ఓడోమాస్ దగ్గర (ఇండియా నుంచి ఎవరొస్తున్నారు, ఎన్ని ట్యూబులు తెప్పించాలి), నాలుగోవారు ఏమీ రాయకుండా ఒకే గడిలో నిలబడిపోయారు. పాపం, ఫోన్ పట్టుకునే నిద్రపోయారేమో.

మీరు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, బయట మంచు, లోపల మిరపకాయ బజ్జీలు. "ఈ వేసవిలో హోగా కుస్టెన్ వెళ్లి సముద్రం పక్కన అడవిలో రెండు రాత్రులు టెంట్ వేద్దాం రా" అన్నాడు మాలో ఒక అన్న. హోగా కుస్టెన్ అంటే స్టాక్‌హోమ్‌కి ఉత్తరాన ఉన్న కొండల సముద్రతీరం. అప్పటికి లెక్క రెండు కుటుంబాలు, రెండు టెంట్లు. మేం సరే అన్నాం. అక్కడితో ఆగితే అయిపోయేది. "ఒక చిన్న షీటు పెడతాలే" అన్నాడు.

మీ 14 ట్యాబుల్లో ఎక్కడా లేని సంగతి ఒకటి చెప్తాను, వినండి. ఈ స్వీడన్ నేలలో మూడింట రెండొంతులకు పైగా అడవే. ఆ అడవి ఎవరిదైనా సరే, ఎవరైనా నడవొచ్చు, ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకోవచ్చు, బ్లూబెర్రీలూ పుట్టగొడుగులూ ఏరుకోవచ్చు. దాన్ని అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు, అందరి హక్కు అని. 1994 నుంచి రాజ్యాంగంలో కూడా ఆ మాట ఉంది. ఇళ్లకి దగ్గరగా వేయకూడదు, పంట చేలో వేయకూడదు, జాతీయ పార్కుల్లో వాటి రూల్స్ వాటికుంటాయి. మిగతాదంతా ఒక్క ముక్కలో చెప్తారు ఇక్కడ: ఎవరినీ ఇబ్బంది పెట్టకు, దేన్నీ పాడు చేయకు. మన దగ్గర ఊరి బయట మామిడితోటలో చాప పరిస్తే ఐదు నిమిషాల్లో ఒక మనిషి తువ్వాలు దులుపుకుంటూ వచ్చి "ఎవరి తాలూకు మీరు?" అంటాడు కదా, ఇక్కడ ఆ మనిషి రాడు. అలా రాడంటే మనవాళ్లకి నమ్మకం కుదరదు. అందుకే మీలో "బుకింగ్ నంబర్" అనే కాలమ్ పెట్టారు. ఆ కాలమ్ ఖాళీగా కనిపించేసరికి అందరికీ టెన్షన్.

ఆ టెన్షన్‌లోనే ఒకాయన అక్కడి కమ్యూన్ ఆఫీసుకి, అంటే మన మున్సిపాలిటీ లాంటి దానికి, మెయిల్ పెట్టాడు, రెండు టెంట్లకి పర్మిషన్ కావాలని. అక్కర్లేదండీ, హాయిగా రండి అని రెండు లైన్ల జవాబొచ్చింది. మనవాడు ఊరుకున్నాడా? పర్మిషన్ అక్కర్లేదన్న సంగతి లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వగలరా అని మళ్లీ అడిగాడు. దానికి జవాబు రాలేదు. మీలో ఆ గడి ఇప్పటికీ ఎర్రగా ఉంది, పక్కన "ఫాలో అప్" అని.

ఈలోగా మీ లింకు ఊరంతా తిరిగింది. మాల్మో నుంచి బావమరిది, గోథెన్‌బర్గ్ నుంచి బీటెక్ బ్యాచ్, సోల్నాలో కొత్తగా దిగిన జంట ("వాళ్లకి ఎవరూ తెలీదు, పాపం, కలుపుకుందాం"). 11 కుటుంబాలు, 13 టెంట్లు. ఇక్కడే మీ అసలు ప్రతిభ బయటపడింది. ఎందుకంటే ఆ హక్కు రెండు మూడు టెంట్ల వరకే, దండు కట్టి దిగితే మాత్రం ఆ నేల ఎవరిదో వాళ్లని అడిగి తీరాలి. ఎవరినీ అడగక్కర్లేని దేశంలో, వరుస మీద వరుస చేర్చి, అడగాల్సిన స్థితికి తెచ్చారు మమ్మల్ని. లెటర్‌హెడ్ అన్న మాత్రం గర్వంగా తిరుగుతున్నాడు, "నేను ముందే అన్నానా లేదా" అని.

వంటల ట్యాబ్ గురించి మాట్లాడకుండా ఉండలేను. మనిషికి పూటకి 150 గ్రాముల బియ్యం అని లెక్క పెట్టుకున్నారు, బాగుంది. ఆ ఫార్ములాలో టెంట్ల కాలమ్ కూడా కలిసిపోయి 13 టెంట్లకీ తలా 150 గ్రాములు వడ్డించారు. రైస్ కుక్కర్లు 5. అడవిలో ప్లగ్ ఎక్కడుంటుందని మా ఆవిడ కామెంట్ పెడితే "గుడ్ పాయింట్ వదినా" అని రాసి ఆ కామెంట్ మూసేశారు. కుక్కర్లు 5 అలాగే ఉన్నాయి. చిన్నప్పుడు మా ఇంట్లో కిరోసిన్ పంపు స్టవ్‌ని ప్రైమస్ అనేవాళ్లు, పిన్నుతో పొడిచి పొడిచి వెలిగించేది మా అమ్మమ్మ. ఆ ప్రైమస్ పుట్టింది ఈ స్టాక్‌హోమ్‌లోనే, 1892లో. ఇప్పటికీ ఇక్కడ క్యాంపింగ్ స్టవ్వులు ఆ పేరుతో దొరుకుతాయి. ఆ పేరు మీలో ఎక్కడైనా ఉందా అని వెతికాను. లేదు.

కానీ "బొగ్గుల చికెన్, సముద్రం ఒడ్డున బండల మీద" అని ఉంది. బండల మీద మంట పెడితే పగుళ్లిస్తాయి, ఆ మచ్చ మరి పోదు, అందుకే ఇక్కడ ఆ పని చేయరు. పైగా 2018లో పెద్ద కార్చిచ్చులు రేగాయి ఈ దేశంలో, ఎండాకాలం కాస్త పొడిబారిందంటే మంటల మీద నిషేధం పెడతారు. ఆ బండలు మామూలువి కావు కూడా. మంచుయుగంలో దాదాపు 3 కిలోమీటర్ల మందాన మంచు కూర్చుని కుంగదీసిన నేల అది, చుట్టం లేచి వెళ్లాక పరుపు మెల్లగా లేచినట్టు ఇప్పటికీ ఏడాదికి 8 మిల్లీమీటర్లు లేస్తోంది. ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఇవాళ అక్కడి స్కూలె అనే కొండ మీద 286 మీటర్ల ఎత్తున ఉంది. ఫిబ్రవరి నుంచి మన ప్రయాణం ఎంత కదిలిందో కూడా ఎవరైనా కొలిస్తే బాగుండు.

టార్చిలైట్లు 22 రాసుకున్నారు. జూన్ చివర్లో అక్కడ రాత్రి పదిన్నరకి కూడా ఎండే, ఆ తర్వాత కూడా ఆరుబయట కూర్చుని పేపర్ చదువుకోవచ్చు. పిల్లల్ని ఎలా పడుకోబెట్టాలన్నది అసలు సమస్య, దానికి వరుసే లేదు. ఎలుగుబంటికి మాత్రం ప్లాన్ ఎ, ప్లాన్ బి. మెడికల్ ట్యాబ్‌లో జండూబామ్ ముగ్గురు తెస్తున్నారు. ఇక్కడి గడ్డిలో ఉండే పిడుదుల వల్ల మెదడువాపు రావచ్చు, దానికి టీకా ఉంది, డోసుకీ డోసుకీ మధ్య వారాల ఎడం కావాలి కాబట్టి ఫిబ్రవరిలో మొదలుపెట్టాల్సిన పని ఏదైనా ఉంటే అదొక్కటే. అది మే నెలలో 41వ వరుసలో చేరింది, ఎవరో "ఎఫ్‌వైఐ" అని పెట్టి వెళ్లారు.

చివరికి ఏమైందో మీకూ తెలుసు. సముద్రం పక్కన కరెంటూ వేడినీళ్లూ ఉన్న చెక్క కాబిన్లు బుక్ చేశారు. బుకింగ్ నంబర్ కాలమ్ నిండింది, అందరి ప్రాణం కుదుటపడింది. రైస్ కుక్కర్లకి ప్లగ్గులు దొరికాయి. "టెంట్" కాలమ్‌లో పైనుంచి కింది దాకా "వర్తించదు".

ఇప్పుడు నా మనవి. స్టాక్‌హోమ్ ముందు సముద్రంలో 30 వేల దాకా దీవులున్నాయి. రేపు శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక మా ఆవిడా నేనూ ఇద్దరు పిల్లలూ పడవెక్కి వాటిల్లో ఒకదానికి పోతున్నాం. ఒక టెంట్, ఒక చిన్న స్టవ్, డబ్బాలో పులిహోర. ఏ దీవి అన్నది పడవలో తేలుతుంది.

మీలో మాది తొమ్మిదో వరుస, పసుపు రంగు. పసుపు అంటే "ఇంకా డిసైడ్ కాలేదు" అని మీరే కింద రాసుకున్నారు. దయచేసి దాన్ని అలాగే ఉంచండి. ఆదివారం రాత్రి తిరిగొచ్చాక, కాళ్లకి దోమకాట్లు గోక్కుంటూ, "మాక్సిమమ్ ట్రై చేస్తాం" అని నేనే వచ్చి రాస్తాను.

ఇట్లు,
తొమ్మిదో వరుస