తాయ్ చీలో ‘చీ’ అంటే ప్రాణం కాదు

పొద్దున్న ఏడింటికి పార్కు నుంచి ఇంటికొచ్చాను. స్నానం చేశాను, టిఫిన్ తిన్నాను, డ్యూటీకి వెళ్లి సాయంత్రం దాకా పేషెంట్లను చూసి వచ్చాను. కోపం మాత్రం ఇంకా దిగలేదు. అందుకే రాస్తున్నా. పోస్టు పొడుగ్గా ఉంటుంది.

మా పార్కులో వాకర్స్ వాళ్లు ఈ రోజు తాయ్ చీ, అంటే మెల్లగా కదులుతూ చేసే చైనా విద్య, శిబిరం పెట్టారు. వారం ముందు బోర్డు చూసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చైనాలోని నాన్‌జింగ్ నుంచి, నేను చదువుకున్న ఊరు, వచ్చేసి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో పక్కన ఇంకో మనిషి నిలబడి చేస్తుంటే చేసింది లేదు. మా డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఒక్కదాన్నే చేసుకుంటాను. ఇవాళ ఐదున్నరకే వెళ్లి ముందు వరసలో నిలబడ్డాను.

ట్రైనర్ గారు మైకు పట్టుకుని చెప్పిన మొదటి మాటే ఇది: “తాయ్ చీలో చీ అంటే ప్రాణశక్తి. మన ప్రాణాయామమే. బోధిధర్ముడు కంచి నుంచి తీసుకెళ్లి చైనా వాళ్లకి నేర్పాడు. వాళ్లు పేరు మార్చుకుని ప్రపంచానికి అమ్ముకుంటున్నారు.” అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి, “చేతులు మేఘాల్లా ఊపండి, కాళ్ల సంగతి పట్టించుకోకండి, హాయిగా ఫీల్ అవ్వండి” అన్నారు.

కాళ్ల సంగతి పట్టించుకోకూడదట. నా పక్కన ఉన్న ఆంటీకి అరవై దాటి ఉంటాయి. ఆవిడ రెండు మోకాళ్లూ వంచి, రెండింటి మీదా బరువు వేసి, నడుము గిరుక్కున తిప్పుతున్నారు. పాదం బయటికి చూస్తోంది, మోకాలు లోపలికి వాలిపోతోంది. నడుము తిప్పిన ప్రతిసారీ ఆవిడ పళ్ల బిగువున నొప్పి ఆపుకుంటున్నారు. నేను డాక్టర్ని, నా కళ్లు అక్కడికే పోతాయి. నేలకి పాదం అతుక్కుని ఉండగా, బరువు తీయకుండా నడుము తిప్పితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. తాయ్ చీ మంచిదని మోకాళ్ల నొప్పులున్న వాళ్లే ఎక్కువమంది వచ్చారు. వాళ్లకి నేర్పాల్సిన మొదటి పాఠమే ఆయన అక్కర్లేదన్నారు.

మేఘాల్లా చేతులు ఊపమని ఆయన చెప్పింది యున్‌షౌ. ‘మేఘ హస్తాలు’ అని దాని పేరు. ష్వాన్‌వు సరస్సు ఒడ్డున మా లావోషీ, అంటే మా టీచరమ్మ, నాకు అది నేర్పేటప్పుడు మూడు వారాలు చేతులు ఎత్తనివ్వలేదు. డెబ్భై దాటిన మనిషి. చేతులు రెండూ నడుము మీద పెట్టించి, బరువు ఎడమ కాలి నుంచి కుడి కాలికి, కుడి నుంచి ఎడమకి, అంతే. ఒక బిందెలో నీళ్లు ఇంకో బిందెలోకి ఒంపినట్టు. ఒకటి నిండుతుంటే ఇంకోటి ఖాళీ అవ్వాలి. చుక్క మిగలకుండా ఖాళీ అయ్యిందో లేదో చూడటానికి ఆవిడ తన చెప్పు కొసతో నా పాదాన్ని పక్కకి నెట్టేది. కదిలితే ఖాళీ అయినట్టు. కదలకపోతే మళ్లీ మొదటి నుంచి.

నిండు, ఖాళీ. షి, షూ. తాయ్ చీ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. వాంగ్ జోంగ్‌యుయె అనే పాత గురువు పేరు మీద ఉన్న తాయ్ చీ గ్రంథంలో ఒక మాట ఉంటుంది. ఏళ్ల తరబడి శ్రద్ధగా సాధన చేసినా ఎదుటివాడి చేతిలో ఓడిపోయేవాళ్లు కనిపిస్తారు, వాళ్లకి రెండు బరువుల జబ్బు, అంటే బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉంచేయడం, అర్థం కాలేదు అని. ఆ జబ్బునే ఇవాళ మైకు పెట్టి వందమందికి నేర్పారు.

ఇక పేరు సంగతి. ‘తాయ్ చీ’లో మనం చీ అనేది నిజానికి జీ. ప్రాణశక్తి, ఊపిరి అనే అర్థం వచ్చే ఛీ వేరే అక్షరం, వేరే ఉచ్చారణ. పాత ఇంగ్లీషు స్పెల్లింగులో రెండింటికీ తేడా నెత్తిమీద ఒక చిన్న గుర్తు మాత్రమే. ఆ గుర్తు రాలిపోయింది, రెండూ ఒకటైపోయాయి, దాని మీద ప్రపంచమంతా కథలు అల్లుకుంది. సాధనలో ఛీ గురించి మాట్లాడరా అంటే బోలెడంత మాట్లాడతారు. కానీ పేరులో ఉన్నది అది కాదు. పూర్తి పేరు తాయ్‌జీ ఛుయెన్. ఛుయెన్ అంటే పిడికిలి. ఇది యుద్ధవిద్య.

జీ అంటే మొదట్లో ఏమిటో తెలుసా? ఇంటి కప్పుకి నడినెత్తిన ఉండే దూలం. పెంకుటింట్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కప్పు రెండు వైపులా వాలేది దాని మీద నుంచే, దాన్ని మించిన ఎత్తు ఆ ఇంట్లో ఉండదు. అందుకే తాయ్‌జీ అంటే అన్నిటికన్నా పైది, చిట్టచివరి హద్దు. యిన్, యాంగ్ అనే అక్షరాలు కూడా ఇలాంటివే. కొండకి నీడపడే వైపు యిన్, ఎండపడే వైపు యాంగ్. కొండ ఒక్కటే, పొద్దు తిరిగేకొద్దీ ఎండా నీడా చోటు మారతాయి. ఇంత అందమైన మాటని పట్టుకుని ‘ఎనర్జీ’ అనేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ మాట వెనక రెండు వేల ఏళ్లకు పైబడిన చదువు ఉంది. యీ జింగ్ అనే ప్రాచీన చైనా గ్రంథానికి చేర్చిన పాత వ్యాఖ్యానంలోనే ఉంది: మార్పులో తాయ్‌జీ ఉంది, దాని నుంచి రెండు, రెండింటి నుంచి నాలుగు, నాలుగింటి నుంచి ఎనిమిది పుట్టాయని. 11వ శతాబ్దంలో సాంగ్ రాజుల కాలపు పండితుడు జౌ దున్‌యీ, హద్దే లేని వూజీ, ఆ వెంటనే తాయ్‌జీ అని మొదలుపెట్టి ఒక చిన్న వివరణ రాశాడు. సాధన మొదట్లో ఏమీ చేయకుండా ఊరికే నిలబడతామే, ఆ నిలబడటం వూజీ. మొదటిసారి బరువు ఒక కాలికి మారిన క్షణం తాయ్‌జీ. పుస్తకంలో వాక్యం అరికాలి కింద తెలుస్తుంది. ఎనిమిది దిక్కులకి గుర్తులైన మూడు గీతల బొమ్మలకి ఎనిమిది రకాల చేతి బలాలు, ఐదు మూలకాలకి ఐదు అడుగులు, కలిపి పదమూడు. ఆ ఐదు అడుగుల్లో ఒకటి కదలకుండా నడిమధ్యన నిలవడం. నిలబడటాన్ని కూడా అడుగుగా లెక్కపెట్టారు వాళ్లు.

ఇక బోధిధర్ముడు. సినిమాలు చూసి మాట్లాడేవాళ్లతో నాకు గొడవ లేదు, మైకు పట్టుకుని పాఠం చెప్పేవాళ్లతోనే గొడవ. ఆయన దక్షిణ భారతం నుంచి వెళ్లిన భిక్షువని చైనా బౌద్ధ గ్రంథాల్లోనే ఉంది, దాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. ఆయన పేరుకి వ్యాయామాన్ని అంటగట్టిన పుస్తకం 17వ శతాబ్దం నాటిది, అంటే ఆయన పోయిన వెయ్యేళ్ల తర్వాతది. అదీ షావోలిన్ మఠం కథ, తాయ్ చీ కథ కాదు. మన దగ్గర కథలున్నట్టే వాళ్లకీ ఉన్నాయి. జాంగ్ సన్‌ఫెంగ్ అనే తావో యోగి తాయ్ చీని కనిపెట్టాడని చెప్పుకునేవాళ్లు. థాంగ్ హావో అనే చరిత్రకారుడు 1930ల్లో హెనాన్‌లోని చెన్‌జ్యాగౌ అనే పల్లెకి వెళ్లి, వంశ వృత్తాంతాలు వెతికి, అది కల్పన అని రాశాడు. తమ కథని తామే తవ్వి చూసుకున్నారు. ఆ పల్లెలో 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌థింగ్ అనే మనిషి కూర్చిన విద్యే ఇదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంతకుముందు మింగ్ రాజుల కాలపు సేనాని ఛీ జిగ్వాంగ్ తన సైనికుల కోసం రాసిన 32 భంగిమల పేర్లు చాలా ఆ పల్లె విద్యలో కనిపిస్తాయి. తర్వాత యాంగ్ లూచాన్ అక్కడ నేర్చుకుని 19వ శతాబ్దంలో బీజింగ్‌కి తెచ్చాడు. ఇందాక చెప్పిన గ్రంథం వుయాంగ్ అనే చోట ఒక ఉప్పు కొట్లో దొరికిందని చెబుతారు. మనం యూట్యూబ్‌లో చూసే 24 భంగిమల సెట్టు 1956లో ప్రభుత్వ క్రీడా సంఘం యాంగ్ పద్ధతిని కుదించి చేసింది. ఇంత చక్కగా ఊరూ పేరూ ఉన్న విద్యకి మనం దొంగ జాతకం రాయడం దేనికి?

మనది అని చెప్పుకోవాలని అంత ఆశ ఉంటే నిజమైనది ఒకటుంది. చెన్ పద్ధతి మొదట్లోనే వచ్చే భంగిమ జిన్‌గాంగ్ దావ్‌ద్వెయ్. జిన్‌గాంగ్ అంటే వజ్రం, బౌద్ధంతో పాటు వెళ్లిన మన సంస్కృత మాటకి వాళ్ల అనువాదం. గుడి గుమ్మాల దగ్గర నిలబెట్టే వజ్రధారి ద్వారపాలకుణ్ణి కూడా అదే పేరుతో పిలుస్తారు. ఆ ద్వారపాలకుడు రోట్లో దంచడమే ఆ భంగిమ. ఎడమ అరచెయ్యి రోలు, కుడి పిడికిలి రోకలి, పిడికిలి దిగేటప్పుడే పాదం నేలకి దిగుతుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ కారం దంచేటప్పుడు భుజాలు వదిలేసి రోకలిని దాని బరువుతోనే పడనిచ్చేది. లావోషీ అది చేసి చూపించిన రోజు నాకు అమ్మమ్మ గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ చుట్టరికం ఎవరూ కాదనలేరు. దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు ఆ ట్రైనర్ గారు.

నేను గొడవ పెట్టుకోలేదు. విరామంలో దగ్గరికి వెళ్లి, మెల్లగా, “సార్, అది ఛీ కాదండీ, జీ. ఆంటీ వాళ్లకి బరువు మార్చడం చూపిస్తే మోకాళ్లు పాడవకుండా ఉంటాయి” అన్నాను. ఆయన మైకు తీయకుండానే, “మేడమ్ చైనాలో చదివొచ్చారంట, మనకి చైనా మాల్ వద్దులెండి” అన్నారు. అందరూ నవ్వారు. నాకు బాగా తెలిసినవాళ్లు కూడా నవ్వారు.

ఆ మాట నాకు కొత్త కాదు. అందుకే అంత లోతుగా దిగింది. నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. వచ్చాక, విదేశాల్లో చదివిన డాక్టర్లకి ఇక్కడ పెట్టే స్క్రీనింగ్ పరీక్ష రాశాను. 300 ప్రశ్నలు, 150 వస్తేనే పాస్. మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. ఆ ఏడాది నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. ఇంటర్న్‌షిప్ చేశాను, రిజిస్ట్రేషన్ వచ్చింది. అయినా నా పెళ్లిచూపుల్లో, మా నాన్న ఎదురుగా, వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన కాఫీ కప్పు పట్టుకుని, “చైనా మాల్ కదా, గ్యారంటీ ఉంటుందా?” అని అడిగారు. మా నాన్న రెండెకరాలు అమ్మి నన్ను చదివించిన మనిషి. ఆయన తల దించుకుని నేల చూస్తూ కూర్చున్నారు. ఎనిమిది నెలలయింది. ఆ కప్పు మీద పువ్వుల డిజైను కూడా నాకు గుర్తుంది.

ఇక్కడ సీటు రాక, డొనేషన్ కట్టలేక వెళ్లాం. మైనస్ చలిలో హాస్టల్లో పప్పు ఉడకబెట్టుకుని, మన భాష కాని భాషలో పేషెంటు నొప్పి ఎక్కడో అడగడం నేర్చుకున్నాం. మేము తెచ్చింది మాల్ కాదు. ఫోను అక్కడిదైతే పర్లేదు, బల్బు అక్కడిదైతే పర్లేదు, దీపావళికి సీరియల్ లైట్లు అక్కడివైతే పర్లేదు. మనిషి చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాల్ అయిపోతుంది. వాళ్ల విద్య మంచిదని తెలిశాక మాత్రం అది మన దగ్గర నుంచి పోయిందే అయిపోతుంది. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి పది నిమిషాల తేడాతో విన్నాను ఇవాళ.

మొదటి సంవత్సరం అనాటమీ హాల్లో మొదటి రోజు నా వేళ్లు శవం చేతిని తాకినప్పుడు వెనక్కి తీసేశాను. అంత బిగుసుకుని ఉంది. మనవాళ్లు ‘కట్టె అయిపోయాడు’ అంటారే, అదే. ఆ నెలలోనే లావోషీ నాకు లావోత్సు అనే ప్రాచీన చైనా తత్వవేత్త మాట చెప్పింది: మనిషి బతికున్నప్పుడు మెత్తగా ఉంటాడు, పోయాక బిగుసుకుపోతాడు, చెట్టూ చేమా కూడా అంతే అని. సోంగ్, సోంగ్ అని రోజుకి యాభైసార్లు అనేది. వదులు చెయ్యి అని. వదులంటే వాలిపోవడం కాదు. నడినెత్తి దారంతో పైకి వేలాడదీసినట్టు ఉండాలి, భుజాలు దిగాలి, మోచేతులు బరువుగా వేలాడాలి.

ఒకసారి ఎదురెదురుగా నిలబడి మణికట్టుకి మణికట్టు ఆనించి తోయమంది. తోశాను. ఆవిడ చెయ్యి తగ్గలేదు, ఆగలేదు, నా చేతికి అంటుకుని నాతోపాటే వచ్చింది. తోసేకొద్దీ తోయడానికి ఏమీ దొరకలేదు. నేనే ముందుకి తూలిపోయాను. “థింగ్” అంది. విను అని. చర్మంతో వినాలి, ఎదుటి మనిషి బరువు ఎటు పోతోందో తెలిసే దాకా నీ బలం వాడకూడదు. నాలుగు లియాంగ్‌లతో వెయ్యి జిన్‌లని పక్కకి తప్పించడం అంటే అది. ఇప్పటి కొలతల్లో 200 గ్రాములతో 500 కిలోలు. అక్కడ కూరగాయల బజార్లో రోజూ వాడే కొలతలే అవి. గ్రంథంలో ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు తూకంలో టమాటాలు కనిపిస్తాయి.

ఇవాళ పార్కులో అందరూ నవ్వినప్పుడు నా భుజాలు చెవుల దాకా లేచాయి. లేచాయని నాకు తెలిసింది. దించాలని చూశాను, దిగలేదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆ ఆంటీ ఆగి ఉన్నారు. “అమ్మా, నువ్వేదో బరువు మార్చడం అన్నావు, ఒకసారి చూపిస్తావా?” అన్నారు. చెప్పులు విప్పించి, గేటు కమ్మీ పట్టుకోమని, చేతులు కదపకుండా ఎడమ కాలికి బరువు పోనివ్వమన్నాను. నా చెప్పు కొసతో ఆవిడ కుడి పాదాన్ని నెట్టాను. కదల్లేదు. మళ్లీ పోనివ్వమన్నాను. నాలుగోసారి కొంచెం కదిలింది. ఆవిడ కిందికి చూసి, “అరే” అన్నారు.

రేపు ఉదయం ఐదున్నరకి గేటు పక్కన వేపచెట్టు కింద ఉంటాను. మైకు ఉండదు, ఫీజు లేదు. మొదటి మూడు వారాలు చేతులు ఎత్తనివ్వను.