రక్తం కనిపించగానే పని అయిపోయినట్టు కాదు

ఐవీ లైన్, అంటే సెలైన్, మందులు ఎక్కించడానికి సిరలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, పెట్టేవాళ్ల మధ్య ఒక పొగడ్త ఉంది. "ఆమె చెయ్యి మంచిది, ఒక్కసారికే నరం దొరికేస్తుంది" అని. నేర్చుకునే రోజుల్లో ఆ మాట అనిపించుకోవాలని తెగ తాపత్రయపడ్డాను. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతున్నప్పుడు అదే మాట వింటే చిరాకేస్తోంది.

ఆ మంచి చెయ్యి ఏం చేస్తుందో దగ్గర నుంచి చూశాను మరి. స్పిరిట్ దూదితో చర్మం తుడుస్తుంది, ఆరేదాకా ఆగదు. మళ్లీ అదే చోట వేలు పెట్టి తడుముతుంది. తుడిచిందంతా దండగ! కొందరైతే గ్లవ్స్ వేసుకుని చూపుడు వేలి కొన చింపేసుకుంటారు, నరం బాగా తెలుస్తుందట. ఇక ఆ గ్లవ్ ఎందుకు, ఫొటోకా? ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో 30 సెకన్లు రుద్ది, దానంతట అది ఆరనివ్వాలి. తడుముకునేదేదో తుడవకముందే కానిచ్చుకోవాలి.

నా సంగతీ చెబుతాను. మొదట్లో ఒకసారి సూది గుచ్చగానే దాని వెనకుండే చిన్న చాంబర్‌లో ఎర్రగా రక్తం కనిపించింది. ఎగిరి గంతేయడమే తక్కువ. నిజానికి అప్పటికి లోపలికి వెళ్లింది సూది మొన ఒక్కటే. దాని మీదున్న ప్లాస్టిక్ గొట్టం మొన కంటే కాస్త వెనకే ఉంటుంది. రక్తం కనిపించాక సూది వాలు తగ్గించి, ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు పోనిచ్చి, ఆ తర్వాతే గొట్టాన్ని జార్చాలి. నేను ఉన్నపళంగా తోసేశాను, బయటే మడతపడింది. కంగారులో, సగం వెనక్కి లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చబోయాను. పక్కనున్న సీనియర్ అక్క నా మణికట్టు పట్టేసుకుంది. "అలా దూరిస్తే గొట్టం తెగి ముక్క రక్తంలో కొట్టుకుపోతుందమ్మా" అంది, గొంతు పెంచకుండా. ఆ పట్టు ఇప్పటికీ గుర్తే.

అన్నట్టు, మనం రక్తం పారే సిరనీ నరమే అంటాం, స్పర్శ తెలిపే నాడినీ నరమే అంటాం. మాట వరకు ఫర్వాలేదు. కానీ గుచ్చేటప్పుడు పేషెంట్ "కరెంటు కొట్టినట్టుందమ్మా" అన్నారంటే మనకు తగిలింది ఆ రెండో నరం. "కొంచెం ఓర్చుకోండి" అంటే కుదరదు, వెంటనే తీసేయాలి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు సిర ఎంత ఊరించినా దాని జోలికి పోవద్దనేది అందుకే.

గేజ్, అంటే గొట్టం లావు చెప్పే నంబర్, దాని పిచ్చి ఇంకొకటి. 18 గేజ్ ఆకుపచ్చది పెడితే మొనగాడు, 22 నీలంది పెడితే చేతకానివాడు! నంబర్ పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, అంతే. గబగబా రక్తం ఎక్కించాలంటే లావుది కావాలి. రోజుకు రెండుసార్లు ఇచ్చే ఇంజెక్షన్ కోసం సన్నటి సిరలో లావు గొట్టం కుక్కితే అది ఒరుసుకుని సిర వాస్తుంది.

ఒకరు రెండుసార్లు గుచ్చి కుదరకపోతే ఆపి, ఇంకొకరిని పిలవాలి. ఈ ఒక్కటే ఎవరికీ మింగుడుపడదు. "ఇంకొక్కసారి చూస్తానండి" అంటూ మూడో పోటు మన పరువు కోసమే పొడుస్తాం.

మొన్న ఒక స్టూడెంట్ రెండుసార్లు అయ్యాక సూదులు షార్ప్స్ డబ్బాలో వేసి, గ్లవ్స్ తీసేసి, "నావల్ల కావట్లేదు మేడం, మీరొస్తారా" అని వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వెళ్లాను. చేతికి బిగించిన పట్టీ (టోర్నికెట్) విప్పి, చెయ్యి కిందికి వేలాడదీసి, కాసేపు వెచ్చటి కాపడం పెట్టించి అప్పుడు చూశాను.

నాకూ మొదటిసారి దొరకలేదు.