తూర్పు వాకిలి ఇల్లు, పడమటి ఎండలో టీవీ

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఇల్లు చూడడానికి వెళ్లిన తెలుగు కుటుంబం పడక గదుల లెక్క కన్నా ముందు వాకిలి ఏ దిక్కు అని అడుగుతుంది. వాస్తు నిజమా కాదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. ఆ కాలనీల్లో ముందు తలుపు వీధివైపూ, ప్యాటియో (ఇంటి వెనక కప్పు కింద కూర్చునే అరుగు) పెరటివైపూ ఉంటాయి కాబట్టి, వాకిలి తూర్పయితే ప్యాటియో చాలావరకు పడమరకు తిరిగి ఉంటుంది. ఆ ప్యాటియోలో టీవీ పెట్టుకోవాలన్న ఆలోచన గృహప్రవేశం అయిన కొన్నాళ్లకు వస్తుంది, అప్పటి నుంచి మాటలన్నీ ఎన్ని అంగుళాలు, ఏ కంపెనీ అన్న వాటి చుట్టూనే తిరుగుతాయి. ఏ టీవీ పనికొస్తుందో సగానికి పైగా ఇల్లు కొన్ననాడే తేలిపోయిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

జూన్ చివర్లో డల్లాస్‌లో పొద్దు గూకేది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. ఆఫీసు పని ముగించుకుని కుటుంబమంతా పెరట్లో కూర్చునే ఏడు గంటల వేళకు సూర్యుడు పడమట ఏటవాలుగా ఉంటాడు, ప్యాటియో కప్పు పదడుగులు ముందుకు వచ్చినా ఆ ఎండను ఆపలేదు. ఇంటి గోడకు బిగించిన టీవీ ముఖం సరిగ్గా అటే ఉంటుంది. ఉత్తర వాకిలి ఇళ్ల కథ వేరు. వాటి ప్యాటియో దక్షిణానికి ఉంటుంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు 80 డిగ్రీల ఎత్తుకు చేరతాడు కాబట్టి కప్పు నీడ చక్కగా సరిపోతుంది, డిసెంబరులో మాత్రం 34 డిగ్రీలకు దిగిపోయి ఎండ లోపలి గోడదాకా వస్తుంది.

తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. మామూలు ఇంటి టీవీలు ఎక్కువగా 300 నుంచి 500 నిట్స్ మధ్య ఉంటాయి. చుట్టూ పడే వెలుతురుకు కొలత లక్స్. కొన్ని వందల లక్స్ వెలుతురుండే హాల్లో అది చాలు. బయట నీడలోనే పది వేల లక్స్ దాకా, నేరుగా పడే ఎండలో లక్ష దాకా వెలుతురు ఉంటుంది. అందుకే కంపెనీలు బయట పెట్టే టీవీలను పూర్తి నీడకు, పాక్షిక ఎండకు, పూర్తి ఎండకు అని మూడు రకాలుగా అమ్ముతాయి. మొదటి రకం వెలుగు సాధారణంగా 1,000 నిట్స్ వరకే ఉంటే, ఎండను తట్టుకునేవి 2,000కు చేరతాయి, ధర కూడా దానికి తగ్గట్టే పెరుగుతుంది. శాంసంగ్ 2020లో తెచ్చిన ‘ద టెర్రస్’ 55 అంగుళాల టీవీకి అప్పట్లో దాదాపు 3,500 డాలర్లు పెట్టాల్సి వచ్చింది.

పాక్షిక ఎండ అన్న మాట దగ్గరే చాలామంది పొరపడుతున్నారు. పైన కప్పు ఉంది కదా, పాక్షిక ఎండ రకం సరిపోతుందని అనుకుంటారు. ఆ మాటకు అర్థం చుట్టూ వెలుతురు ఉన్నా తెర మీద నేరుగా ఎండ పడకూడదని. పడమటి ప్యాటియోలో సాయంత్రం రెండు మూడు గంటలు పడేది పూర్తి ఎండే, కప్పు ఎంత అందంగా ఉన్నా సరే. పైగా ఎండ సూటిగా పడి ఎల్‌సీడీ పలక వేడెక్కితే, ఒక స్థాయి దాటాక లోపలి ద్రవ స్ఫటికాల అమరిక చెదిరి తెర మీద నల్లటి మచ్చ వస్తుంది. చల్లబడ్డాక అది పోవచ్చు, కానీ వేసవంతా రోజూ జరిగితే ఏ పలకకైనా మంచిది కాదు. కాబట్టి ముందు నీడను కొనాలి, ఆ తర్వాతే టీవీని కొనాలి అన్నది నా అభిప్రాయం. పడమటి అంచున పైనుంచి దిగే జాలీ తెర ఒకటి బిగిస్తే ఎండలో చాలా భాగం బయటే ఆగిపోతుంది. తక్కువ ధరలో దొరికే పూర్తి నీడ రకం టీవీ అప్పుడు సరిపోతుంది, సోఫాలో కూర్చున్న మనుషుల కళ్లకూ ఉపశమనం.

ఏం చూస్తారన్నదీ లెక్కలోకి రావాలి. మన దగ్గర రాత్రి 7:30కు మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ డల్లాస్‌లో ఉదయం 9 గంటలకు వస్తుంది, ఆ వేళకు పడమటి ప్యాటియో అంతా నీడే. 2024 జూన్‌లో డల్లాస్ దగ్గరి గ్రాండ్ ప్రెయిరీ మైదానంలో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించిన మ్యాచ్ కూడా ఉదయమే మొదలైంది. ఐపీఎల్ కోసమే టీవీ పెట్టుకునేవారికి 2,000 నిట్స్ దండగ. సాయంత్రం సినిమా చూడాలనుకునేవారికి, జూలై సాయంత్రాల్లో మేజర్ లీగ్ క్రికెట్ చూసేవారికి ఆ సౌలభ్యం లేదు.

ఇక వాతావరణం. ఇంటి టీవీల మాన్యువల్ తీసి చూస్తే వాడదగిన ఉష్ణోగ్రత సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. 2011లో డల్లాస్‌లో 71 రోజులు 100 డిగ్రీల ఫారన్‌హీట్‌ను (దాదాపు 38 సెల్సియస్) తాకాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అదే ఊరు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. బయటకు చేసిన టీవీలు ఈ రెండు కొసలనూ దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాటి మీద కనిపించే ఐపీ55 గుర్తులో మొదటి 5 దుమ్ము నుంచి, రెండో 5 నీటి ధార నుంచి రక్షణను సూచిస్తాయి. నాలుగొందల డాలర్ల మామూలు టీవీని బయట పెట్టేవారు తక్కువేమీ కాదు. నీడ నిండుగా ఉండే ప్యాటియోలో, వారంటీ వర్తించకపోవచ్చని తెలిసి, పోతే పోయిందనుకునేవారు అలా చేస్తే నాకు అభ్యంతరం లేదు. కరెంటు పనిలో మాత్రం ఆ పొదుపు పనికిరాదు: షాక్ కొట్టే ప్రమాదం ఉంటే కరెంటును వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ రక్షణ ఉన్న అవుట్‌లెట్, ప్లగ్ పెట్టి ఉండగానే మూసుకునే మూత, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ తప్పనిసరి. టీవీలోకి వెళ్లే ప్రతి కేబులూ ముందు కిందికి వంగి తర్వాత పైకి వెళ్లేలా ఒక వంపు ఉంచితే, దాని మీద జారిన వాన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా కింద పడుతుంది, కనెక్టర్‌లోకి పోదు.

మన ఇళ్లకే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఇల్లంతా వాసన వస్తుందని చేపల వేపుడు ప్యాటియోలోని గ్యాస్ పొయ్యి మీదికి మారుస్తారు, టీవీ ఆ పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. నూనె ఆవిరి తెర మీద జిడ్డు పొరగా పేరుకుంటుంది, దాన్ని వదిలించడానికి ఘాటైన అద్దాల క్లీనర్ కొడితే ప్రతిబింబాలను తగ్గించే పూత దెబ్బతింటుంది. పొయ్యినైనా జరపాలి, టీవీనైనా జరపాలి. తుడవడానికి కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

కొత్త ఇల్లు కట్టించుకుంటున్నవారికి ఇదంతా సులువు. గోడలకు షీట్‌రాక్ (జిప్సం పలకలు) కొట్టకముందే టీవీ ఎత్తులో అవుట్‌లెట్, లోపలి నుంచి నెట్‌వర్క్ కేబుల్ లాగడానికి ఒక పైపు పెట్టమని బిల్డర్‌ను అడగాలి, ఎందుకంటే ఇటుక గోడ దాటేసరికి వైఫై తరచూ బలహీనపడుతుంది. పడమటి ప్యాటియోకు పక్క గోడ ఉంటే ఆ అవుట్‌లెట్‌ను వెనక గోడకు కాక, ఉత్తరపు పక్కనున్న గోడకు పెట్టించుకోవాలి. వేసవి సాయంత్రాల్లో సూర్యుడు నేరుగా పడమట కాక కాస్త వాయవ్యం వైపు దిగుతాడు కాబట్టి, ఆ గోడ మీద దక్షిణానికి తిరిగిన తెరకు ఆ వేళ ఎండ వెనకవైపే ఉంటుంది.